మార్షల్ పడిపోయాడని మార్కులు తగ్గించినవారికి

అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం విచిటా ఊళ్లోని మన శనివారం బృందం పెద్దలకు, పాత అమెరికా కౌబాయ్ టీవీ సీరియల్ ‘గన్‌స్మోక్’ తొలి ఎపిసోడ్‌ని వాళ్లలాగే తీసిపారేసే తక్కిన ప్రేక్షకులకు,

నమస్కారం.

పోయిన శనివారం బావగారింటి బేస్‌మెంటులో మనమంతా కూర్చుని ‘గన్‌స్మోక్’ మొట్టమొదటి ఎపిసోడ్ ‘మ్యాట్ గెట్స్ ఇట్’ చూశాం. ఎప్పటిలాగే చీటీల మీద పదికి మార్కులు వేశాం. పకోడీలయ్యాక చీటీలు విప్పితే ఏడుగురు ఐదు దాటలేదు. ఒక చీటీ మీద అసలు అంకే లేదు, ‘హీరో ఎక్కడ?’ అని మాత్రం ఉంది. ఆ దస్తూరీ ఎవరిదో నాకు తెలుసు, చెప్పను. తొమ్మిది వేసింది నేనొక్కణ్ణే. నాలుగు మాటలు చెప్పబోతే ‘‘మీరు సర్వేయరుగా చేశారు కదండీ, తగాదాలు మీకు అలవాటే’’ అని నవ్వేసి, కాఫీ గ్లాసు చేతికిచ్చి కూర్చోబెట్టారు.

అలవాటే గనక ఈ ఉత్తరం. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పే ఓపిక లేదు. పైగా ఈ ఎపిసోడ్‌కి మీలాగే చిన్నచూపు చూసేవాళ్లు మన బేస్‌మెంటు బయట కూడా చాలామంది ఉన్నారు. వాళ్లూ చదువుతారని పదిమందిలో పెడుతున్నాను.

చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాను. 1870ల కాలం, కాన్సాస్‌లో డాడ్జ్ సిటీ. టెక్సస్‌లో హత్య చేసి పారిపోయిన డాన్ గ్రాట్ అనేవాడు ఆ ఊళ్లో దిగుతాడు. అతణ్ణి పట్టుకుపోదామని టెక్సస్ నుంచి షెరీఫ్ జిమ్ హిల్ వస్తాడు, వచ్చి గ్రాట్ చేతిలో చచ్చిపోతాడు. ఊళ్లో శాంతిభద్రతలు చూసే అధికారి, మార్షల్ మ్యాట్ డిల్లన్ తన వంతుగా ఎదురెళ్తాడు. గ్రాట్ చెయ్యి కదలడమే తెలుస్తుంది, మార్షల్ నేలమీద ఉంటాడు. గ్రాట్ ఊరొదిలి పారిపోడు. దర్జాగా తిరుగుతుంటాడు, ఇదేమిటని అడిగేవాడు లేడు. మంచం మీద పడి ఉన్న మార్షల్‌కి ఒక సంగతి తడుతుంది. గ్రాట్ కాల్చినవాళ్లందరినీ దగ్గర నుంచే కాల్చాడు. లేచి మళ్లీ వెళ్తాడు, ఈసారి దూరంగా ఆగిపోతాడు. ఆ దూరాన గ్రాట్ గురి తప్పుతుంది, మార్షల్‌ది తప్పదు.

ఇంతే. అరగంట కార్యక్రమం, మధ్యలో ప్రకటనలు పోగా ఇంకా తక్కువ.

మాస్టారన్నారు, ‘‘మొదటి రోజే కింద పడినవాడు ఊరినేం కాపాడతాడండీ’’ అని. అందరూ తలూపారు. మనం ఎందుకు తలూపామో నాకు తెలుసు. 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చినప్పుడు నాకు పదిహేనేళ్లు. తెనాలిలో నేల టిక్కెట్టు కొనుక్కుని చూశాను. కృష్ణ గుర్రం మీద వస్తుంటే హాల్లో ఈలలకి మాటలు వినపడలేదు. ఆ టోపీ, ఆ నడుముపట్టీ చూసి కౌబాయ్ అంటే ఇదీ అని మనసులో ముద్రేసుకున్నాం. ఆ సినిమాకి మేనమామలు ఇటలీవాళ్లు తీసిన వెస్టర్న్‌లు, అంటే కౌబాయ్ సినిమాలు. అక్కడ హీరో తుపాకీకి గురి తప్పడం ఉండదు, తప్పితే కథే లేదు. ఆ కళ్లతో డాడ్జ్ సిటీ మార్షల్‌ని చూస్తే ‘హీరో ఎక్కడ’ అనే అనిపిస్తుంది. మన సినిమాల్లో దెబ్బతినాలన్నా ఇంటర్వెల్ దాకా ఆగాలి, అదీ వెనక నుంచి పొడిస్తేనే.

కానీ ఈ ఎపిసోడ్ వచ్చిన తారీఖు చూడండి. 1955 సెప్టెంబరు 10, శనివారం రాత్రి, సీబీఎస్ ఛానల్. అప్పటిదాకా అమెరికా టీవీలో వెస్టర్న్ అంటే పిల్లల కాలక్షేపం. హోపలాంగ్ కాసిడీ, లోన్ రేంజర్, పాటలు పాడే రాయ్ రోజర్స్. గుర్రం తెల్లగా ఉంటుంది, హీరో చొక్కా నలగదు. అదే వారంలో ఇంకో ఛానల్‌లో వయాట్ ఎర్ప్ కథ మొదలైంది, దాన్నీ దీన్నీ కలిపి పెద్దవాళ్ల వెస్టర్న్ అన్నారు. పెద్దవాళ్లకి చూపిస్తున్నామని నమ్మించడానికి మొదటి ఎపిసోడ్‌లో ఏం చెయ్యొచ్చో ఆలోచించండి. పది మందిని కాల్చి పడేయించొచ్చు. వీళ్లు మార్షల్‌నే పడేశారు. కథ రాసిన జాన్ మెస్టన్‌కి, దాన్ని టీవీకి మలిచి దర్శకత్వం చేసిన చార్లెస్ మార్క్విస్ వారెన్‌కి ఆ గుండె ఉంది. వచ్చే వారం జనం చూస్తారో లేదో తెలియని రోజున చేసిన పని అది.

ఇప్పుడు అసలు విషయం, దూరం. ఇక్కడ నన్ను కాస్త ఎక్కువసేపు భరించాలి.

ముప్ఫై రెండేళ్లు నేను చేసింది దూరాల ఉద్యోగం. గట్టు జరిపాడని ఒకడు, జరపలేదని ఇంకొకడు కర్రలు పట్టుకుని నిలబడితే, మధ్యలో గొలుసు పరిచి, పొలం హద్దుల కొలతలుండే ఎఫ్‌.ఎం.బి. కాగితం చూసి, ఇక్కణ్ణించి ఇక్కడికి ఇన్ని లింకులు అని చెప్పడం నా పని. ఎవడి గొంతు పెద్దదైతే పొలం వాడిదని ఊరనుకునేది. గొలుసు పరిచేదాకానే ఆ గొంతు. పరిచాక రెండువైపులవాళ్లూ నేలకేసి చూసేవాళ్లు. గ్రాట్ చేతి వడి అలాంటి గొంతే. మొదటిసారి మార్షల్ ఆ గొంతు విని, దానికి సమాధానంగా తనూ గొంతు పెంచబోయాడు. నీ చెయ్యి ఎంత వడో నాదీ అంతే అన్నట్టు నడిచి దగ్గరికెళ్లాడు. అక్కడే దెబ్బతిన్నాడు. రెండోసారి గొలుసు పరిచాడు.

దీన్ని పిరికి పని అన్నవారు మనలో ఇద్దరున్నారు. దూరంగా నిలబడి కాల్చడంలో మగతనమేముందని. అయ్యా, దూరంగా నిలబడ్డాడే గానీ చాటున నిలబడలేదు. గ్రాట్‌కి కనపడుతూనే ఉన్నాడు, గ్రాట్ తుపాకీ తనవైపే ఉంది. ఒకసారి ఆ గుండు దిగిన ఒళ్లే అది, ఆ నొప్పేమిటో తెలిసిన ఒళ్లు. తెలియక వెళ్లిన మొదటిసారి కంటే తెలిసి వెళ్లిన రెండోసారి కాళ్లు బరువుగా ఉంటాయి. గ్రాట్ ముందుకు జరగాలని చూస్తాడు, మార్షల్ జరగనివ్వడు. నాకు ఈ ఎపిసోడ్ మొత్తంలో ఆ జరగనివ్వకపోవడం దగ్గరే ఊపిరి బిగపట్టినట్టయింది. మీరంతా అప్పుడే పకోడీల పళ్లెం కోసం లేచారని నాకు గుర్తు.

ఇంకోటి గమనించారా? ఈ సీరియల్‌కి ఏళ్ల తరబడి పేర్ల ముందు ఒక తుపాకీ పోటీ వచ్చేది. వీధిలో ఈ చివర మార్షల్, ఆ చివర ఎవడో నల్లగా నిలబడి ఉంటాడు. ఆ ఎవడో పేరు ఆర్వో ఒజాలా. హాలీవుడ్ నటులకి తుపాకీ దూయడం నేర్పిన గురువు ఆయన. ఆ దృశ్యాన్ని నిదానంగా చూస్తే ముందు పేలేది ఎదుటివాడి తుపాకీ, రెప్పపాటు వెనక మార్షల్‌ది. ముందు పేలింది తగల్లేదు, వెనక పేలింది తగిలింది. వారం వారం కథకి ముందు ఇదే చూపించారు. గ్రాట్ చచ్చిపోయినా గ్రాట్ నేర్పిన పాఠం సీరియల్ గుమ్మం మీద తోరణంలా వేలాడుతూనే ఉంది. మొదటి ఎపిసోడ్ బలహీనమని మీరనుకుంటే దాన్ని వాళ్లు అలా నెత్తిన పెట్టుకుని ఏళ్ల తరబడి ఊరేగేవారా?

పేరు సంగతి కూడా చెప్పనివ్వండి. గన్‌స్మోక్ అంటే తుపాకీ పొగ. ఆ రోజుల తూటాల్లో ఉన్నది పాతకాలపు తుపాకీ మందు. ఒక్కసారి పేలిస్తే దీపావళి తర్వాత వీధిలా తెల్లటి పొగ కమ్మేస్తుంది. రెండో గుండు కాల్చేసరికి ఎదుటివాడు సరిగ్గా కనపడడు కూడా. అందుకే మొదటి గుండుకి అంత విలువ. మొదటి గుండు ముందు కాల్చాలా, సరిగ్గా కాల్చాలా? ఇరవై సీజన్లూ తేల్చింది ఆ ఒక్క ప్రశ్నే. ఆ మందు పొగ టీవీ తెర మీద అసలంత దట్టంగా కనపడదనుకోండి, కెమెరా వాళ్ల కష్టం వాళ్లది.

మార్షల్ వేషం వేసిన జేమ్స్ ఆర్నెస్ పొడవు 6 అడుగుల 7 అంగుళాలు. అంత మనిషి నేలకూలితే తాటిచెట్టు పడ్డట్టుంటుంది. ఆయనకి కాల్పుల్లో పడిపోవడం అప్పటికి కొత్త కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో 1944లో ఇటలీలోని ఆంజియోలో దిగిన అమెరికా సైన్యంలో ఉన్నాడు, మెషిన్‌గన్ గుండ్లకి కుడికాలు నుజ్జయింది. నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ కాలు జీవితాంతం బాధపెట్టింది. సీరియల్లో మాత్రం కుంటేది మార్షల్ సహాయకుడు చెస్టర్. ఆ వేషం వేసిన డెనిస్ వీవర్ 1948 ఒలింపిక్స్ ఎంపిక పోటీల్లో డెకథ్లాన్‌లో, అంటే పది అంశాల పోటీలో, ఆరో స్థానంలో వచ్చిన క్రీడాకారుడు. కాలు నొచ్చేవాడు నిటారుగా నడుస్తాడు, పరుగులవీరుడు కుంటుతాడు. మంచం మీద మార్షల్ ముఖంలో ఉన్న విసుగుని మీరు ‘నటన రాలేదు’ అన్నారు. నెలల తరబడి మంచం పట్టిన మనిషి ముఖం అలాగే ఉంటుందని, నా మోకాలి ఆపరేషన్ తర్వాత మా ఆవిడనడిగితే చెప్తుంది.

హాలీవుడ్ కౌబాయ్ సినిమాల పెద్ద హీరో జాన్ వేన్ గురించి. ఎపిసోడ్ మొదట్లో ఆయన వచ్చి, ఇది నిజాయితీ ఉన్న పెద్దవాళ్ల వెస్టర్న్ అని, ఈ కుర్రాణ్ణి చూడండని నాలుగు మాటలు చెప్పి వెళ్తాడు. ఆర్నెస్ అప్పటికే ఆయన సినిమాల్లో వేసినవాడు. ఈ వేషం ఒప్పుకోమని వెన్నుతట్టింది కూడా ఆయనే. మీలో ఒకరికి అది సిఫార్సు ఉత్తరంలా అనిపించింది. నిజమే, సిఫార్సే. అంత పెద్దాయన వచ్చి చెయ్యి పట్టుకుని పరిచయం చేసిన కుర్రాణ్ణి ఆ తర్వాతే కాల్చి పడేశారని నాకు నవ్వొచ్చింది.

ఇక ‘‘ఫెస్టస్ లేడు, రంగులు లేవు, నత్తనడక’’ అన్నవారికి పెద్దగా చెప్పేదేం లేదు. ఫెస్టస్ తర్వాతి ఏళ్లలో మార్షల్‌కి సహాయకుడు, ఆ వేషంలో కెన్ కర్టిస్ స్థిరపడింది 1964లో. గంట నిడివి వచ్చింది 1961లో, రంగులొచ్చింది 1966లో. రంగుల్లో ఫెస్టస్, డాక్టరు పోట్లాడుకోవడం చూసి అలవాటు పడ్డ కళ్లకి ఇది వేరే సీరియల్లా ఉంటుంది. ఒక లెక్కన వేరే సీరియలే. గంట ఎపిసోడ్లు నడుస్తుండగానే ఈ అరగంటవాటిని ‘మార్షల్ డిల్లన్’ అని పేరు మార్చి మళ్లీ వేసుకున్నారు కూడా. మనవణ్ణి చూసి తాతకి మార్కులు తగ్గించకండి. 1957 నుంచి 1961 దాకా నాలుగేళ్లు దేశంలో ఎక్కువమంది చూసిన కార్యక్రమం ఇదే. అదంతా నలుపూ తెలుపూ, అరగంటే. ఆ తాత సంపాదించిన ఆస్తి మీదే మనవడు 1975 దాకా బతికాడు, ఇద్దరివీ కలిపి 635 ఎపిసోడ్లు.

నిజానికి మనకంటే ముందే గొణిగినవాళ్లున్నారు. 1952 నుంచి ఇదే కథల్ని రేడియోలో విన్నవాళ్లకి మార్షల్ అంటే విలియం కాన్రాడ్ గొంతు. నూతిలోంచి వచ్చినట్టుండే గొంతు. ఆయన ఒళ్లు భారీ, టీవీకి పనికిరాడని ఆర్నెస్‌ని తీసుకున్నారు. రేడియోవాళ్ల కోపం రేడియో నాటకం ఆగిపోయిన 1961 దాకా చల్లారి ఉండదని నా అనుమానం.

ఊరి సంగతికొద్దాం, ఎందుకంటే మాస్టారు గట్టిగా అభ్యంతరం చెప్పింది దీని మీదే. హంతకుడు ఊళ్లో తిరుగుతుంటే ఒక్కడూ నోరెత్తడా, అసహజం అన్నారు. మాస్టారూ, మీరు బడిలో ఉండిపోయారు, నేను పొలాల్లో తిరిగాను. పోరంబోకు కబ్జా చేసినవాడి మీద పంచనామా రాసి సాక్షి సంతకానికి పిలిస్తే ఊరు ఊరంతా ఆ పూట పొలం పనుల మీద పోయేది. అరుగు మీద చుట్ట కాల్చుకునే ముసలాయనకి ఉన్నట్టుండి చెవుడొచ్చేది. డాడ్జ్ సిటీ జనం నాకు తెలిసినవాళ్లే.

అసహజం ఎక్కడుందో నేను చెప్తాను. కిందటి నెల మా అబ్బాయి నన్ను డాడ్జ్ సిటీ తీసుకెళ్లాడు. ఇక్కణ్ణించి కారులో రెండున్నర గంటలు. దారంతా గోధుమ పొలాలు, గీత గీసినట్టు మైలుకో అడ్డరోడ్డు. ఆ నేలని కొలిచింది మన గొలుసుతోనే, 66 అడుగుల గంటర్ గొలుసు. ఎనభై గొలుసులు ఒక మైలు, ఒక మైలు చదరం 640 ఎకరాలు. ఉద్యోగం మానేసి తొమ్మిదేళ్లయినా కారులో కూర్చుని లెక్క కట్టుకుంటూనే ఉన్నాను. అంత చదునైన నేల మీద ఎటు చూసినా కొండనేది లేదు. కాలిఫోర్నియాలో తీసిన సీరియల్లో మాత్రం ఊరు దాటితే కొండలు కనపడుతుంటాయి. దానికి మార్కు తగ్గించారా ఎవరైనా? లేదు.

అక్కడ గన్‌స్మోక్ పేరుతో ఒక వీధి ఉంది. బూట్ హిల్ శ్మశానం ఉన్న చోట మ్యూజియం ఉంది, పాత ఫ్రంట్ స్ట్రీట్‌ని మళ్లీ కట్టిపెట్టారు. 1870ల చివర్లో తీసిన ఆ వీధి ఫొటో ఒకటి చాలా ప్రసిద్ధం. వీధి మధ్యలో ఒక పలక, దాని మీద తుపాకులు పట్టుకు తిరగడం పూర్తిగా నిషేధం అని రాసి ఉంటుంది. అదే పలక మీద ఏదో టానిక్కు ప్రకటన కూడా. రైలు పట్టాలకి ఉత్తరాన తుపాకీతో తిరగకూడదని ఊరి చట్టం. సీరియల్లో అందరి నడుముకీ తుపాకీ వేలాడుతుంటుంది. రాబర్ట్ డిక్‌స్ట్రా అనే చరిత్రకారుడు లెక్క తీస్తే 1870 నుంచి 1885 దాకా కాన్సాస్‌లోని ఐదు పశువుల సంత పట్టణాల్లో, డాడ్జ్‌తో సహా, అన్నీ కలిపి జరిగిన హత్యలు 45. పదిహేనేళ్లలో ఐదు ఊళ్లకి కలిపి అన్ని. మన సీరియల్ ఒక్క సీజన్‌లోనే ఆ లెక్కకి దగ్గరగా పోగలదు. ఈ తప్పుకి మార్కులు తగ్గించి ఉంటే నేను నోరెత్తేవాణ్ణి కాదు. అప్పటి పశువులు తోలేవాళ్లలో నల్లవాళ్లు చాలామంది ఉండేవారు, తొలి ఎపిసోడ్ డాడ్జ్‌లో వాళ్ల జాడ లేదు. దానికీ ఎవరూ తగ్గించలేదు. మార్షల్ పడిపోయాడని తగ్గించారు!

అక్కయ్యగారు ఒక్కరే వేరే మాటన్నారు. సారా దుకాణంలో ఉండే మిస్ కిట్టీకి ఈ ఎపిసోడ్‌లో మంచం పక్కన ఆదుర్దా పడటం తప్ప పనేముంది అని. ఆ రోజు నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఇంటికొచ్చి మళ్లీ చూశాను. సర్దిచెప్పడానికేం లేదు. అమాండా బ్లేక్ పంతొమ్మిది సీజన్లు మోసిన పాత్ర అది. రేడియోలో ఆమె బతుకేమిటో పెద్ద దాపరికం లేకుండా వినపడేది. టీవీకొచ్చేసరికి అది నోటితో చెప్పకూడని సంగతైపోయింది, చెప్పనిదాంతో పాటు ఆమె చేసే పని కూడా కొంత మాయమైంది. గ్రాట్ లాంటివాణ్ణి సారా దుకాణంలో రోజూ దగ్గర నుంచి చూసేది ఆమె. అతని అలవాట్లు ఊళ్లో అందరికంటే ఆమెకి ముందు తెలియాలి. ఆ దగ్గర, దూరం సంగతి మార్షల్‌కి ఆమె చెప్పి ఉంటే ఎపిసోడ్ ఎంత గట్టిగా ఉండేది! ఇది నాకు తట్టలేదు, అక్కయ్యగారి మాట విన్నాకే తట్టింది.

వచ్చే శనివారం మా ఇంట్లో. మా కోడలు పునుగులు వేస్తానంది. కొత్త ఎపిసోడ్ మొదలుపెట్టేముందు దీని చివరి దృశ్యం ఒక్కటి మళ్లీ వేస్తాను. మార్షల్ ఎక్కడ ఆగాడో, గ్రాట్ ఎక్కడ ఉన్నాడో ఆ మధ్య నేల మీద కళ్లు పెట్టి చూడండి. పునుగులు ఆ తర్వాతే బయటికి వస్తాయి, కోడలికి చెప్పి ఉంచాను. కొత్త చీటీలు కూడా కోసి పెట్టాను. ‘హీరో ఎక్కడ’ అని రాసినవారు ఈసారి అంకె వెయ్యాలి.

నా పాత చీటీ బావగారి దగ్గరుంది. అక్కయ్యగారి మాట మీద దానిలో తొమ్మిది కొట్టేసి ఎనిమిది చెయ్యమని మనవి.

ఇట్లు,
మీ రిటైర్డ్ మండల సర్వేయరు
విచిటా, కాన్సాస్ (మార్చి దాకా)